గళ్ళు తాకని బొట్టు

"ధాత్రీ, రామ్మా. మొన్న యాడ నిలిపినామో ఆడ్నించే పోదాం."

పూజ సెలవుల తరవాత బడి తెరిచిన సోమవారం పొద్దున ఆ గొంతు వినబడగానే ఐదో తరగతి గదిలో సందడి తెగిపోయింది. గొంతు ప్రధానోపాధ్యాయుడు దామోదరానిది. ఆయన మాత్రం గుమ్మంలో పెదవి కదపకుండా నిలబడి ఉన్నాడు. మాట్లాడింది కవిప్రియ చేతిలోని ట్యాబు. అది పిలిచిన పిల్ల తిరువళ్ళూరు పెద్దాస్పత్రిలో డెంగీ జ్వరంతో పడి ఉంది.

"నేను నా చీటీనే చూపించినా సార్," అంది కవిప్రియ, ట్యాబును బల్ల మీద వదిలేసి చేతులు వెనక్కి తీసుకుంటూ. "అదే పక్కదాన్ని చదువుకునింది."

"పక్క మేకుకు ఉండేది దాని కంటికి ముందు పడింది. అంతే."

ఆయన ట్యాబు ఆపాడు. ఆపినా ఆ పిలుపు గదిని వదల్లేదు. పిల్లలందరూ ఒకే చోటికి, గోడ మీది చెక్కపట్టీ వైపుకు చూస్తున్నారు.

ఆ పట్టీకి వరసగా మేకులు, మేకుకొక చీటీ. చీటీ పైభాగాన పిల్లవాడి ఫోటో, కింద నలుపు తెలుపు గళ్ళ క్యూఆర్ ముద్ర. ట్యాబుకు ముద్ర చూపిస్తే ఆ పిల్లవాడు కిందటిసారి వదిలిన చోటినుంచి వాడి పాఠం మొదలవుతుంది. ఒకడు భిన్నాల దగ్గర ఉండవచ్చు, ఇంకొకతె ఆకుల దగ్గర. ముందున్నవాణ్ణి ఆపడం గానీ, వెనకున్నవాణ్ణి ఈడ్చుకుపోవడం గానీ ఉండదు. పుస్తకం అరవంలోనే ఉన్నా, ఇంట్లో మాట్లాడేది తెలుగు కనుక ప్రతి పాఠానికీ ముందు దామోదరం వీధిమాటల్లో పేరుపెట్టి పిలిచి, నాలుగు ముక్కలు చెప్పి రికార్డు చేశాడు. గళ్ళ లుంగీలు నేసే పొదటూరుపేటలో ఆ ముద్రకు వేరే పేరు వెతుక్కోవలసిన పని పడలేదు. వచ్చినవాళ్ళు చూసి, గళ్ళ చీటీలు అన్నారు.

ఇప్పుడు ఆ చీటీల మీద ప్రతి ఫోటోకూ నుదుట పసుపు, పసుపులో కుంకుమ బొట్టు ఉన్నాయి. బతికున్న పిల్లల ఫోటోలకు.

సెలవులకు ముందు రోజు బడిలో ఆయుధపూజ చేశారు. గంటకు, నల్లబల్లకు, ట్యాబులకు, మధ్యాహ్న భోజనం వండే గుండిగలకు బొట్లు పెట్టినట్టే వంటసాయానికి ఉండే కుప్పమ్మ ఈ చీటీలకూ పెట్టింది. పనిముట్టుకు పెట్టే బొట్టే అది. అప్పుడు చూసినవాళ్ళెవరికీ తప్పు కనిపించలేదు. సెలవుల్లో ధాత్రికి జ్వరం తగిలింది. వాంతులయ్యాయి, తిరుత్తణిలో సెలైను ఎక్కించారు, అక్కణ్ణుంచి తిరువళ్ళూరుకు పంపారు. అప్పుడు వీధిలో ఎవరికో ఫోటో గుర్తుకొచ్చింది.

మధ్యాహ్నం లోపల తల్లులు వచ్చారు. ఆయనను ఒక్క మాటా అడగలేదు. ఎవరి పిల్ల చీటీ వాళ్ళు మేకు నుంచి తీసి, పైటకొంగు ఉమ్మితో తడిపి, నుదురు రుద్ది మళ్ళీ తగిలించారు. చివరికి ధాత్రి చీటీ ఒక్కటే బొట్టుతో మిగిలింది. దాని పక్కనున్న మేకుల మీది చీటీలను కూడా ఎవరో దూరంగా జరిపారు.

భోజనం గంట కొట్టినప్పుడు పిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చుకున్న టిఫిను డబ్బాలు తెరిచారు. కుప్పమ్మ సాంబారన్నం గుండిగ ముందు గంటె పట్టుకుని కూర్చుంది. ఒలిచిన గుడ్లు బేసిన్లో తెల్లగా మెరుస్తున్నాయి. ఆమె ఒకసారి గంటెతో అన్నాన్ని అటూ ఇటూ తిప్పింది, అడుగంటుతుందేమో అన్నట్టు. తరవాత మూత పెట్టేసింది.

"ఏం కుప్పమ్మా?"

"బిడ్డలకు ఆకలి లేదంట అయ్యా," అంది ఆమె తలెత్తకుండా. "అందరికీ ఒగే నాడు."

*

ఆ మధ్యాహ్నమే దామోదరం ధాత్రి చీటీని చొక్కా జేబులో పెట్టుకుని బయలుదేరాడు. తిరుత్తణి దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. పెట్టెలో గుండుకు గంధం పూసుకున్న మొక్కుబడివాళ్ళు నిద్రపోతున్నారు. కిటికీ పక్కన కూర్చుని ఆయన జేబులోని చీటీ తీసి చూశాడు. బొట్టు సరిగ్గా నుదుటి నడుమ, శ్రద్ధగా పెట్టి ఉంది. గళ్ళ మీద పసుపు మరక ఒక్కటి కూడా లేదు.

అప్పుడు ఆయనకు తన మాటే వినబడింది. పూజ నాడు కుప్పమ్మ పసుపు గిన్నెతో చీటీల దగ్గరికి వెళుతుంటే తానే పిలిచి చెప్పాడు: "గళ్ళ మీద మాత్రం పెట్టొద్దు కుప్పమ్మా. ట్యాబు చదవదు." ఆమె గళ్ళను తప్పించింది. చీటీలో గళ్ళు కాక మిగిలింది ఫోటోనే. నిజానికి ఆ జాగ్రత్త అక్కరలేనిది కూడా. ఆ ముద్రలో ఉన్న సమాచారం తగినంత మిగులుతో రాసి ఉంటుంది. మూల ఒకటి చిరిగినా, నడుమ కొంత చెరిగినా మిగతా గళ్ళు దాన్ని పూరిస్తాయి. గోరంత బొట్టుకు అది మూగబోయేది కాదు. అది తెలిసి ఉండీ చెప్పాడు.

వార్డు బయట వరండాలో ధాత్రి తండ్రి జయరామ్ గోడకు ఆనుకుని ఉన్నాడు. పవర్‌లూమ్ నడిపే మనిషి, చెవుడు ఉన్నవాడిలా గట్టిగా మాట్లాడతాడు. ఈవేళ ఆ గొంతు కిందికి దిగిపోయింది.

"ప్లేట్‌లెట్లు పడిపోయినాయంట సార్. రేపు దాకా చెప్పలేం అంటా ఉండారు."

"తొట్లు ఒంపినావా జయరామ్? నూలు తడిపే తొట్టి, బాత్రూమ్‌లో డ్రమ్ము?"

"ఇప్పుడు తొట్టి మాటేల సార్?" జయరామ్ ఆయన ముఖంలోకి చూశాడు. "ఆ బొట్టు తుడిచినారా?"

దామోదరం జేబులోంచి చీటీ తీశాడు. బొట్టు కనబడగానే జయరామ్ దాన్ని ఆయన చేతిలోంచి లాక్కున్నాడు. చొక్కా అంచుతో తుడిచాడు. పసుపు పోయినా ప్లాస్టిక్ మీద ఎర్రటి జాడ కొంచెం మిగిలింది. గోటితో గీకాడు. అతను గీకడం ఆపకపోవడం చూసి దామోదరం దోమల పాఠం చెప్పే ఉద్దేశం మానుకున్నాడు.

దోమతెర లోపల ధాత్రి కళ్ళు మాత్రం తెరిచింది. చీటీ చూసి వేలు కదిపింది. దామోదరం తన ఫోనుకు గళ్ళు చూపించాడు. ధాత్రీ, రామ్మా అని ఫోను పిలిచింది. ఎదురుగా నిలబడ్డ మనిషి నోరు కదలకుండానే ఆయన గొంతు రావడం చూసి ఆ పిల్ల పెదవి ఒక పక్కకు సాగింది. పక్క మంచం దగ్గరున్న ముసలామె మాత్రం దండం పెట్టుకుంది.

బయటికి వచ్చాక జయరామ్ అడిగాడు: "ఆ ఆయమ్మ ఇంకా వంటింట్లోనే ఉండాదా సార్?"

*

మంగళవారం సాయంత్రం తల్లిదండ్రుల కమిటీ కూడింది. అధ్యక్షుడు వెంకటపతి పది మగ్గాల యజమాని. తెల్లచొక్కా జేబులో రెండు ఫోన్లు పెట్టుకుని, మాట్లాడే ముందు రెండింటినీ సర్దుకుంటాడు.

"మాకు పగ లేదు సార్. మొగుడు పోయిన మనిషి. పూజపని ఆమెకెందుకు ఇచ్చినారు? అదీ ఫోటోకి బొట్టు! పోయినోళ్ళకి గదా పెట్టేది."

"గళ్ళ మీద పెట్టొద్దని చెప్పింది నేను."

"మీరు చెప్తే చెప్పినారు, చెయ్యి ఆమెది గదా."

"వెంకటపతీ, ఈ వీధిలో పోయిన నెల నుంచీ ఎన్ని ఇళ్ళల్లో జ్వరాలొచ్చినాయి? వాళ్ళ ఫోటోలకంతా ఎవరు బొట్టు పెట్టినారు?"

"సార్‌కి దేవుడు లేడు, దెయ్యం లేదు," అన్నాడు వెనకనించి ఎవరో. "ఈబీ కరెంటు బిల్లు ఒగటే ఉండాది." అందరూ నవ్వారు. దామోదరానికీ నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే, గది తన వైపు కొంచెం వంగిందనుకున్న క్షణంలోనే, ఆయన ఆ మాట అనేశాడు:

"సరే. నా ఫోటో పెడతాను ఆ మేకుకు. దానికి బొట్టు పెట్టుకుంటాను. ఏమవుతుందో చూద్దాం."

నవ్వు ఆగింది. వెంకటపతి ఫోన్లు సర్దుకున్నాడు.

"మీరు పెట్టుకుంటే ఏం లెక్క సార్? ఆమె చెయ్యి పెట్టల్ల."

కుప్పమ్మను పిలిచారు. ఆమె తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. విషయం విని రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను పెట్టను అయ్యా. పని తీసేస్తే తీసెయ్యండి. ఇది మాత్రం చెప్పొద్దండి."

"పెట్టు కుప్పమ్మా. నీ చేతిలో ఏమీ లేదని అందరూ చూడల్ల గదా."

"నాకే తెలీదే అయ్యా, ఉండాదో లేదో."

ఆయన బడి గుర్తింపు కార్డులోంచి తన ఫోటో తీసి మేకుకు తగిలించాడు. కుంకుమ డబ్బీ తానే తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కుప్పమ్మ ఫోటోకు చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, వేలు తాకించీ తాకించనట్టు తీసేసింది.

"గట్టిగా పెట్టు," అన్నాడు వెంకటపతి. "మళ్ళా లేదనొద్దు."

ఆమె గట్టిగా పెట్టింది. శుక్రవారం మళ్ళీ కూడాలని, అప్పటిదాకా సార్ బాగుంటే కుప్పమ్మ జోలికి ఎవరూ పోరాదని ఒప్పందం అయింది.

*

బుధవారం మధ్యాహ్నం దామోదరానికి భుజాలు లాగాయి. సాయంత్రానికి కళ్ళ వెనక మంట మొదలైంది. భార్య దేవకి పట్టాభిరామ్‌లో కూతురి పురుటికి వెళ్ళి ఉంది. ఇంట్లో అడిగే మనిషి లేదు. థర్మామీటరు కడిగి నాలుక కింద పెట్టుకున్నాడు, చూశాడు, మళ్ళీ కడిగి పెట్టుకున్నాడు.

జ్వరమే.

అప్పుడు గానీ తాను చేసిన పని ఆయనకు పూర్తిగా అర్థం కాలేదు. ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదని ముప్పై ఏళ్ళుగా పిల్లలకు చెబుతూ వచ్చాడు. తీరా ఒక మనిషి కూటిని ఒక్క ఉదాహరణకే ముడివేశాడు. అదీ ఇంటింటా జ్వరాలున్న ఐప్పసి వానల నెలలో, దోమలు ముసిరే వీధిలో, అరవైకి దగ్గరపడిన తన ఒంటి మీద. ఓడిపోయే అవకాశం ఎంతో లెక్కగట్టి ఉంటే ఆ పందెం కాసేవాడు కాదు. గది నవ్వింది, తనూ నవ్వాడు, కాశాడు.

వీధి చివర డాక్టరు దగ్గరికి వెళితే రాత్రికల్లా మగ్గానికి మగ్గం చెబుతుంది. గురువారం బడికి ముందే తొలి బస్సులో తిరుత్తణి వెళ్ళి, కొండ కింద, పూలదండల అంగళ్ళ వెనక ఉన్న క్లినిక్‌లో చూపించుకున్నాడు. ఆ కుర్ర డాక్టరు నాలుక చూసి, రక్తం తీయించి, డెంగీ లేదన్నాడు. మామూలు వైరల్ జ్వరం, రెండు మూడు రోజుల్లో దానంతటదే దిగిపోతుంది, విశ్రాంతి తీసుకోండి అన్నాడు.

విశ్రాంతికి వీలులేదు. మాత్ర వేసుకుని బడికి వచ్చాడు.

ఆ రోజు పిల్లలెవరూ చీటీలు తీయలేదు. ట్యాబులు ముందు పెట్టుకుని ఆయన్నే చూస్తూ కూర్చున్నారు. ఆయన లేచినప్పుడు గోడ మీది ఫోటోను, కూర్చున్నప్పుడు ఆయన్ను. ఫోటోలోని దామోదరం ఇరవై ఏళ్ళ చిన్నవాడు. నుదుట ఎర్రగా వెలుగుతున్నాడు.

"సార్, మీకు చెమట పడతా ఉండాది," అంది కవిప్రియ.

"ఫ్యాను తిరగలేదు గదా."

"తిరగతా ఉండాది సార్."

ఆయన తలెత్తి చూశాడు. తిరుగుతోంది. ఎందుకో ఆ క్షణాన ఆయనకు గోడవైపు చూడాలనిపించింది. చూడలేదు. చూడకపోవడానికి మెడ బిగించవలసి వచ్చింది. ఇది జ్వరం తాలూకు బలహీనత, ఇందులో వింత లేదు అని తనకు తాను చెప్పుకున్నాడు. వేడెక్కిన మెదడుకు పాత భయాలు ముందు తోస్తాయి. కారణం తెలిసినంత మాత్రాన మెడ సడలలేదు.

కుప్పమ్మ టీ తెచ్చింది. గ్లాసు అందుకుంటున్నప్పుడు ఆయన వేళ్ళు ఆమె వేళ్ళకు తగిలాయి. ఆమె గ్లాసు వదల్లేదు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఒక్క క్షణం ఉండిపోయారు.

"టీ వేడి కుప్పమ్మా," అన్నాడాయన.

"ఆమా అయ్యా," అని ఆమె తలూపింది. "టీనే."

*

శుక్రవారం కమిటీ వచ్చేసరికి దామోదరం ఒళ్ళు తుడుచుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మాత్ర పనిచేసే సమయం చూసుకుని నిలబడి ఉన్నాడు. వెంకటపతి ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు.

"బాగుండారే సార్."

"బాగుండాను."

ఆ మాట గాలిలో ఉండగానే కుప్పమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఎవరి వంకా చూడకుండా నేరుగా గోడ దగ్గరికి పోయింది. మేకు నుంచి ఫోటో తీసి, తడికొంగుతో నుదురు తుడిచింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. వెలుతురుకు ఎత్తి చూసి ఇంకొకసారి తుడిచింది.

"కుప్పమ్మా!"

"అయ్యకి మొన్ననించీ జరం," అంది ఆమె కమిటీతో. "నా కోసరం మూసి పెట్టుకోనుండారు. నాకు ఈ పని వద్దు. అయ్య ఉండల్ల."

వెంకటపతి కొంతసేపు ఫోన్లు సర్దుకోవడం మరిచిపోయాడు. తరవాత మెల్లగా అన్నాడు: "ఆమే ఒప్పుకునింది సార్. ఇంక మేం చెప్పేదేముండాది?"

ఆయన చెప్పడానికి నోరు తెరిచాడు. మాటకు ముందే బల్ల అంచు పట్టుకోవలసి వచ్చింది. జయరామ్ తమ్ముడు కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. కుప్పమ్మ ఫోటోను బల్ల మీద పెట్టి, వంటింటి తాళంచెవి దాని పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున దామోదరం నిద్రలేచేసరికి దుప్పటి చెమటతో తడిసి ఉంది. జ్వరం దిగిపోయింది. డాక్టరు చెప్పినట్టే, చెప్పిన వేళకే. ఆదివారం ధాత్రి ఆటోలో ఇల్లు చేరింది. వీధికి లెక్క స్పష్టంగా ఉంది. తండ్రి తుడిచాడు, పిల్ల లేచింది. కుప్పమ్మ తుడిచింది, సార్ లేచాడు. ఒకటి కాదు, రెండు రుజువులు. ఎదురుపడిన ప్రతివాళ్ళూ ఆయన్ను పలకరించి సంతోషపడ్డారు. ఆ సంతోషం నిజమైనది.

సోమవారం కొత్త ఆయా వడ్డించింది. అదే సాంబారన్నం, అవే గుడ్లు. పిల్లలు వరసలో తోసుకుంటూ నిలబడి తిన్నారు.

*

బడి వదలగానే దామోదరం కుప్పమ్మ ఇంటికి వెళ్ళాడు. రెండు వైపులా మగ్గాలున్న సందు అది. పగలంతా ఆ దడదడకు గోడలు అదురుతుంటాయి. మాట వినబడాలంటే చెవి దగ్గరికి వంగాలి. ఆమె లోపల నేల మీద కూర్చుని కూలికి కండెలు చుడుతోంది. ఎడమచేత్తో నూలు వదులుతూ కుడిచేత్తో రాట్నం తిప్పుతోంది. ఆయన్ను చూసి లేవబోయింది. ఆయన వద్దని, గడప దగ్గరే ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"జరం పోయిందా అయ్యా?"

పోయింది. దానికి నువ్వు తుడవడంతో పనిలేదు, అదెలాగూ పోయేదే అని ఆయన నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూశాడు. పని వదులుకున్న మనిషి. ఒక ప్రాణం నిలబెట్టానన్న తృప్తి ఒక్కటే ఆమెకు మిగిలింది. దాన్ని కూడా తీసుకుపోవడానికా తాను వచ్చింది?

"నువ్వు తుడిచిన మర్నాడే దిగిపోయింది కుప్పమ్మా," అన్నాడు.

అందులో అబద్ధం అనదగ్గ మాట ఒక్కటీ లేదు.

రాట్నం నెమ్మదించింది. ఆమె వేళ్ళ మధ్య నూలు అలాగే ఆగి ఉంది.

"అట్లంటే," అంది ఆమె, "పెట్టినందుకే వచ్చిందనే గదా అయ్యా."

ఆయన పీట మీద ముందుకు వంగాడు.

"ఊరంతా నా చేతిని చూసి బిడ్డల్ని పక్కకు లాక్కునింది. మీరొగరే నవ్వినారు. నాకు భయమే అయ్యా, లేదనను. భయమయ్యే తుడిచినా. కానీ మీకు లేదు గదా, చదువుకున్నాయన, ఆయన చెప్పేదే నిజమై ఉంటుంది అని ఆ ఒగటి పట్టుకోని ఉండాను." ఆమె తన కుడి అరచేతిని తిప్పి చూసుకుంది, వేరే వాళ్ళ వస్తువును చూసినట్టు. "మీరు గూడా ఇట్ల చెప్తే, ఈ చెయ్యి పెట్టుకోని నేను యాడికి పోయేది?"

దామోదరం పీట మీదినుంచి జరిగి నేల మీద కూర్చున్నాడు.

"నేను చెప్పింది తప్పు. నువ్వు బాధపడకూడదని అట్ల చెప్పినాను. డాక్టరు గురువారమే చెప్పినాడు, రెండు మూడు నాళ్ళలో దానంతటదే పోతుందని. నువ్వు తుడవకపోయినా పోయుండేది. ధాత్రికి వచ్చింది దోమ కుట్టి. నీ చేతికీ దానికీ ఏ సంబంధమూ లేదు."

"నేను తుడిచింది దండగేనా?"

"దండగే కుప్పమ్మా."

ఆమె ఆయన కళ్ళల్లోకి చాలాసేపు చూసింది. పని పోయింది, అదీ ఊరికే పోయింది. ఆ రెండూ అర్థమవుతున్నట్టు ఆమె దవడ కదిలింది. తరవాత భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"ఇంగొకతూరి చెప్పండయ్యా."

ఆయన చెప్పాడు.

"ఈడ కాదు. నా ఒగదానికి చెప్తే ఏం లాభం? వాకిట్లో చెప్పండి."

ఆయన లేచి గడప దాటాడు. జీవితమంతా గది నాలుగు గోడల మధ్య గొంతు పెంచినవాడే గానీ వీధిలో కేక వేసిన మనిషి కాదు. ఎదురింట్లో జయరామ్ మగ్గం, దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన వెంకటపతి షెడ్డు. ఆయన మొదటిసారి అన్నది ఆయనకే వినబడలేదు. రెండోసారి కడుపులోంచి తీసి అరిచాడు:

"నాకు వచ్చింది మామూలు జరం! ధాత్రికి వచ్చింది దోమ జరం! కుప్పమ్మ చేతిలో ఏమీ లేదు!"

ఎదురింట్లో మగ్గం ఆగింది. జయరామ్ చెవులలోంచి దూది తీసుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. అతని వెనక దుప్పటి కప్పుకున్న ధాత్రి కనిపించింది. పక్క మగ్గం ఆగింది. షెడ్డులో ఒకదాని వెనక ఒకటి ఆగుతుంటే సందులో చెవులు మూసుకుపోయినట్టయింది. వెంకటపతి బయటికి తల పెట్టాడు.

"ఏం సార్, మళ్ళా జరమా?"

ఒకరిద్దరు నవ్వారు. ఈసారి దామోదరం నవ్వలేదు.

"లేదు వెంకటపతీ. పోయింది. ఎందుకు పోయిందో చెప్తా ఉండాను, వినండి."

మగ్గాలు ఆగిన ఆ సందులో తన గొంతు ఎవరిదో అన్నట్టు ఆయనకే వినబడింది. దడదడ లేదు గనుక ఇక అరవవలసిన పని లేదు. ఒక్కొక్క మాటే, తరగతిలో వెనక బెంచీకి చెప్పినట్టు, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు. వెనక, ఇంటి లోపల, రాట్నం చప్పుడు కూడా లేదు.